తల్లి గీత

"మేడం, మందు ఆపేశారు! పాప నిలబడింది!"

ఫోన్‌లో సిస్టర్ ఎస్తేరు అరిచిన అరుపుకు కమలిని చేతిలోని అట్లకాడ గాల్లోనే ఆగిపోయింది. పెనం మీద దోసె ఉంది. పెళ్లయిన ఈ రెండు నెలల్లో చిరగకుండా, అంచులు ఎర్రగా కాలి, తనంతట తానుగా పైకి లేస్తున్న మొట్టమొదటి దోసె అది.

"ఎప్పుడు ఆపారు?"

"తెల్లారగట్ల నాలుగింటికండి. మీరు పడుకునుంటారని ఫోన్ చెయ్యలేదు. అప్పట్నుంచీ బీపీ ముప్పై. ఒక్క పాయింటు కిందకి దిగట్లేదు."

కమలిని ఫోన్ పెట్టేసి "ముప్పై!" అంటూ భార్గవ మెడ పట్టుకుని ఊగింది. ముప్పై ఏమిటో అతనికి తెలియదు. అయినా పళ్ళు తోముకుంటున్నవాడు నోట్లో బ్రష్షుతోనే "ముప్పై!" అని తనూ అరిచాడు. దోసె మాడి బొగ్గయింది. ఆ మాడు వాసన కూడా ఆ ఉదయం ఆమెకు బాగానే ఉంది.

కాకినాడ ప్రధాన రోడ్డు మీద స్కూటీ నడుపుతున్నంతసేపూ కమలిని తనలో తాను నవ్వుకుంటూనే ఉంది. ఇరవయ్యారో వారంలో పుట్టిన పిల్ల. ఏడువందల నలభై గ్రాములు. పుట్టి మూడోరోజు. రక్తపోటును నిలబెట్టే మందు లేకుండా ఆ పిల్ల గుండె తనంతట తాను నాలుగు గంటలు బండి లాగిందంటే, ఆరేళ్ళ తన పని అబద్ధం కాదన్నమాట.

ఆ పని సంగతి ఆమె ఎన్నో సభల్లో బొమ్మలు వేసి చెప్పింది. కానీ ఆదివారం, పిల్లలు పుట్టిన కాసేపటికి, ఆస్పత్రి వరండాలో వాళ్ళ నాన్న లింగేశుకు చెప్పినప్పుడే అది తనకూ తేటగా అర్థమైంది. లింగేశుది ఉప్పాడ. జాందానీ చీరలు నేసే కుటుంబం. భార్య సత్యవేణి, అతనూ ఒకే మగ్గం మీద కూర్చుని నేస్తారు.

"మూత్రపిండం మీద టోపీలాగా చిన్న గ్రంథి ఉంటుందండి," అంది కమలిని. "కడుపులో ఉన్నన్నాళ్ళూ అది బిడ్డ ఒంటికి మించినంత పెద్దగా ఉండి, తెగ పనిచేస్తుంది. కానీ ఆ పనంతా మాయ కోసం. ముడిసరుకు చేసి మాయకి పంపిస్తుంది, మాయ దాంతో తల్లికి కావల్సిన హార్మోన్లు తయారుచేస్తుంది. బిడ్డకి సొంతంగా కావల్సిన హార్మోను, అదే, ఒంట్లో దెబ్బో రోగమో వస్తే తట్టుకుని నిలబెట్టేది, దాన్ని చేసుకోవడం మాత్రం చివరి వారాల్లో గానీ నేర్చుకోదు. వీళ్ళు ఆ చివరి వారాలు రాకుండానే పుట్టేశారు."

లింగేశు కాసేపు ఆలోచించి, "అంటే మేడంగారూ, నూలు వడికి బయటికి పంపడం వచ్చుగానీ, తన ఒంటికి గుడ్డ నేసుకోవడం ఇంకా రాదన్నమాట," అన్నాడు.

కమలిని ఆ మాటను అక్కడికక్కడే పుస్తకంలో రాసుకుంది.

పక్కనే ఉన్న అతని తల్లి చౌడమ్మ మాత్రం ఊరుకోలేదు. "మరి ఆ నేసిన గుడ్డేదో మీరే సూదిలో ఇచ్చెయ్యొచ్చు గదమ్మా?"

"ఇవ్వొచ్చండి పెద్దమ్మగారూ. కానీ ఎప్పుడెంత కావాలో మాకు తెలీదు. ఎక్కువైతే పేగుకి చిల్లు పడుతుంది. తక్కువైతే గుండె జారిపోతుంది. ఒంట్లో ఉండే గ్రంథికైతే నిమిషం నిమిషం తెలుస్తుంది. అందుకని వాళ్ళమ్మ గ్రంథినే కొన్నాళ్ళు అరువడుగుతున్నాం."

ఆ అరువు పేరే తోడుపట్టీ. తల్లి జబ్బకు ఒక మెత్తటి పట్టీ కడతారు. ఆమె చెమటలోంచి ఆ హార్మోను ఎంత ఊరుతోందో అది నిమిషనిమిషానికీ కొలుస్తుంది. ఆ కొలతకు తగ్గట్టు, బిడ్డ బొడ్డులో అమర్చిన సన్నగొట్టంలోకి ఒక చిన్న పంపు చుక్కలో వందోవంతు మందు వదులుతుంది. పొద్దున్నే తల్లి ఒళ్ళు మేలుకుంటే బిడ్డ ఒళ్ళూ మేలుకుంటుంది. తల్లి రొమ్ము మీద పడుకున్న బిడ్డ ఊపిరి తడబడితే తల్లి ఒళ్ళు ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటే బిడ్డకు మందు. తెర మీద పైన ఎర్రగీత తల్లిది, కింద నీలం గీత బిడ్డది. సోమవారం ఒక వింత చూశారు. బిడ్డ ఊపిరి ఆగబోతున్నట్టు గంట మోగడానికి రెండు నిమిషాల ముందే ఎర్రగీత కొండలా లేచింది. యంత్రం కంటే ముందు తల్లికి తెలిసిపోయింది.

అయితే పట్టీ మాట వినే పంపు ఒక్కటే. పుట్టింది కవలలు. ముందు ఆడపిల్ల, ఆ తర్వాత ఆరు నిమిషాలకు మగపిల్లాడు, ఆరువందల తొంభై గ్రాములు. కవలలైతే ముందు పుట్టినవాళ్ళకు పంపు పెట్టాలని ప్రయోగం నియమాల్లో రాసి ఉంది. ఆ వాక్యం రాసింది కమలినే. పిల్లాడికి మామూలు వైద్యమే.

ఆమె వార్డు చేరేసరికి ఎస్తేరు అందరికీ కాజాలు పంచుతోంది. సత్యవేణి, చెవుల్లో దూది, తలకు గుడ్డ, జబ్బకు పట్టీ, రొమ్ముల మధ్య కప్పిన తువ్వాలు కింద పిడికెడు పిల్లతో కుర్చీలో వెనక్కి వాలి ఉంది. ఇరవైమూడేళ్ళ పిల్ల. కమలినిని చూడగానే గుసగుసగా, "మేడంగారూ, ఇటు రండి, దీని కాలు చూడండి," అని తువ్వాలు కొస ఎత్తింది. సత్యవేణి చిటికెన వేలిని ఆ పాదం తన్ని పట్టుకుని ఉంది. గోళ్ళు కూడా ఉన్నాయి, ఐదూ.

"రౌడీ," అంది కమలిని.

"మా అత్త పోలిక," అంది సత్యవేణి, చౌడమ్మకు వినపడేలా.

"నా పోలికే అయితే ఈపాటికి ఈ ఆస్పత్రిని చీపురెట్టి ఊడ్చేసుండేది," అంది చౌడమ్మ.

ఆ రోజే, మధ్యాహ్నం రెండు దాటాక, పిల్లాడు పోయాడు.

డాక్టర్ మేరీ సుశీల లోపలి గదిలోంచి బయటికి వచ్చి చేతి తొడుగులు విప్పింది. ముప్పై ఏళ్ళుగా నెలలు నిండని పిల్లల్ని చూస్తున్న మనిషి. ఇలాంటి కబురు ఎప్పుడూ నిలబడే చెప్పేది, కూర్చుని చెప్పేది కాదు. లింగేశు గోడకు ఆనుకుని తన చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయాడు. చౌడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, కాసేపయ్యాక కొంగు తీసి, గొంతు సవరించుకుంది.

"సత్తేణికి చెప్పకండి."

"చెప్పాలమ్మా. ఆమె తల్లి," అంది డాక్టరు.

"బాలింతరాలండి. ఒళ్ళింకా పచ్చిగా ఉంది. ఈ కబురు చెవినబడితే పాలింకిపోతాయి. మా ఆడపడుచుకి అలాగే అయ్యింది, ఆర్నెల్లు మనిషి మనిషి కాదు. ఒకడు పోయాడు. ఉన్నదాన్ని కూడా పోగొట్టుకోమంటారా? ఒరేయ్, నువ్వు చెప్పరా."

"అమ్మ చెప్పినట్టే కానివ్వండి," అన్నాడు లింగేశు, తల ఎత్తకుండానే.

డాక్టరు కమలిని వైపు తిరిగింది. "నువ్వేమంటావు? పట్టీ నీది."

కమలిని కళ్ళముందు ఎర్రగీత కదిలింది. ఇంత పెద్ద కబురు వింటే అది ఎంత ఎత్తుకు లేస్తుందో, ఆ ఎత్తును ఏడువందల నలభై గ్రాముల ఒళ్ళు తట్టుకుంటుందో లేదో ఆమెకు తెలియదు. పొద్దున్నే ముప్పై దగ్గర నిలబడ్డ గుండె అది.

"రెండ్రోజులు ఆగుదాం మేడం," అంది. "గీత నిలకడగా ఉండటం పాపకి మంచిది."

ఆ మాటలో పాప కోసం ఎంత, ప్రయోగం కోసం ఎంత ఉందో ఆమె ఆ క్షణాన విడదీసి చూసుకోలేదు.

లింగేశు పిల్లాణ్ణి మెత్తటి నేతగుడ్డలో చుట్టుకుని ఉప్పాడ తీసుకెళ్ళాడు. దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చాడు. తల తడిగా ఉంది.

"మిట్టమధ్యాన్నం చెప్పకుండా వెళ్ళి, ఇప్పుడు తలస్నానం చేసొచ్చావేంటి బావా?" అంది సత్యవేణి. తెర మీద ఎర్రగీత పైకి లేవడం మొదలైంది.

"ఏం లేదు. ఉప్పుగాలికి ఒళ్ళంతా జిడ్డు," అన్నాడు లింగేశు.

"వాడు ఒంటి మీద బట్టలు మార్చుకోడానికి ఊరెళ్ళకూడదా ఏంటే, వెళ్ళాడంతే," అని చౌడమ్మ కలగజేసుకుంది. "అంతా బాగుంది. పడుకో."

ఎర్రగీత టక్కున కిందకు పడిపోయింది. తెర పక్కన నిలబడ్డ కమలిని 'అమ్మయ్య' అనుకుంది.

మర్నాడూ, ఆ మర్నాడూ సత్యవేణి మూడేసి గంటలకు ఒకసారి పాలు పిండి రెండు సీసాల్లో పోసింది. ఒక దాని మీద 'పాప' అని, ఇంకో దాని మీద 'బాబు' అని తానే పెన్నుతో రాసింది. ఒక దాంట్లో చుక్క ఎక్కువైతే రెండో దాంట్లోకి ఒంపి సమానం చేసేది. ఎస్తేరు రెండూ తీసుకుని, రెండో సీసాను పాలు పడని మరో తల్లి బిడ్డకు పట్టి, వట్టి సీసా కడిగి తెచ్చిచ్చేది. కడిగేటప్పుడు చాలాసేపు కుళాయి తిప్పి ఉంచేది.

"చిన్నోడు ఎలాగున్నాడు మేడంగారూ?" అని సత్యవేణి అడిగేది.

"అంతా బాగుంది."

మొదటిసారి ఆ మాట అనడానికి కమలినికి నాలుక పిడచగట్టుకుపోయింది. నాలుగోసారికి ఎక్కంలా వచ్చేసింది.

"నేనొకసారి చూడొచ్చాండి?"

"ఆ గదిలోకి ఇప్పుడు ఎవర్నీ రానివ్వట్లేదు. అంటుసోకుతుందని."

"ఆయ్," అనేది సత్యవేణి. గీత కొద్దిగా లేచి, పడిపోయేది.

గురువారం సాయంత్రం కమలిని ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే భార్గవ అడిగాడు, "ఏమైంది?"

"ఏం లేదు."

"పాప?"

"బాగుంది."

అతను ఇంకేమీ అడగకుండా ఆమె కంచంలో ఇంకో వడియం వేశాడు. ఫ్రిజ్ తలుపు మీద అతను అతికించిన కాగితం ఉంది. పట్టీని సరిచూసుకోవడానికి ఆర్నెల్లు కమలినే దాన్ని కట్టుకుని తిరిగింది. ఆ గీతలో కొన్ని ముక్కలు కత్తిరించి, కొండ కొండకూ భార్గవ పేర్లు రాశాడు. 'గ్యాస్ అయిపోయింది.' 'మా అమ్మ ఫోన్.' 'మా అమ్మ రెండో ఫోన్.' అన్నిటికంటే ఎత్తైనదాని మీద 'పెళ్ళిచూపులు, నేను కాఫీ ఒలకబోసినప్పుడు.' ఎప్పుడు చూసినా ఆమెకు నవ్వొచ్చేది. ఆ సాయంత్రం మాత్రం నవ్వు రాలేదు. ఆ కొండల్లో ఏదో ఆమె కంటికి ఆనింది గానీ, అదేమిటో పట్టుబడలేదు.

శుక్రవారం పదకొండు గంటలకు సత్యవేణి అంది, "మేడంగారూ, పిల్ల బరువెక్కిందండి."

"బరువు పెరిగితే మంచిదే కదమ్మా," అని నవ్వింది ఎస్తేరు.

"ఆ బరువు కాదండి. పడుకున్న పిల్ల బరువు వేరు, వేలాడే పిల్ల బరువు వేరు."

ఎర్రగీత లేస్తోంది. కమలిని పాప తెరకేసి చూసింది. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. "అన్నీ సరిగానే ఉన్నాయమ్మా."

"నీకన్నీ అనుమానాలేనే. పిల్ల శుభ్రంగా ఉంది. కళ్ళు మూసుకో కాసేపు," అంది చౌడమ్మ.

సత్యవేణి కళ్ళు మూసుకుంది. గీత పడిపోయింది.

ఒంటిగంటకు రక్తపోటు ఇరవై ఏడు. రెండింటికి ఇరవై నాలుగు. అప్పటికి పిల్ల ఒంటి మీద పాలరాతి చారల్లా మచ్చలు తేలాయి, అరికాళ్ళు చల్లబడ్డాయి. రక్తంలో విషక్రిములు చేరాయని పరీక్ష చెప్పింది. డాక్టర్ మేరీ సుశీల మందులు మొదలుపెట్టి, మూడు రోజుల కిందట ఆపిన రక్తపోటు మందును మళ్ళీ ఎక్కించింది. మూడింటికి ఇరవై ఒకటి.

"మందుకి లొంగట్లేదు," అంది డాక్టరు, సత్యవేణి ఉన్న అద్దాల గది బయటికి వచ్చి. "ఆ హార్మోను లేనిదే రక్తనాళాలు మందు మాట వినవు. నీ పట్టీ ఏం చేస్తోంది?"

"అడుగున ఉంది మేడం. తల్లి ప్రశాంతంగా ఉంది."

"బిడ్డ ఇలా ఉంటే తల్లి ప్రశాంతంగా ఉందా?"

కమలిని అద్దంలోంచి పంపు వైపు చూసింది. "పంపుని చేత్తో పెంచితే?"

"ఎంతకి? గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఉంటుంది. నిన్నే గుండె దగ్గరి నాళం మూసుకోడానికి మందు మొదలెట్టాం. దాని మీద ఇది ఎక్కువైతే పేగు పగులుతుంది. నిరుడు ఇద్దరు అలాగే పోయారు నా చేతుల్లో." డాక్టరు గడియారం చూసింది. "అరగంట చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే, వచ్చేది రానీ అని సూదిమందు ఇచ్చేస్తాను."

కమలిని ప్రయోగశాల గదిలోకి పరుగెత్తి మూడురోజుల ఎర్రగీతను మొత్తం తెర మీద పరిచింది. అప్పుడు తెలిసింది, నిన్న సాయంత్రం ఫ్రిజ్ దగ్గర కంటికి ఆనిందేమిటో. మనిషి గాభరాపడితే గీత లేస్తుంది, కాసేపు నిలబడుతుంది, ఆ తర్వాత ఏటవాలుగా, నెమ్మదిగా దిగుతుంది. తన కొండలన్నీ అలాంటివే. సత్యవేణివి అలా లేవు. మంగళవారం సాయంత్రం నుంచి పదకొండు కొండలు. పదకొండూ సగంలో కత్తితో కోసినట్టు తెగిపోయాయి. నమోదు పుస్తకంలో వేళలు సరిపోల్చింది. ప్రతి కోత దగ్గరా ఎవరో ఒకరు 'అంతా బాగుంది' అన్నారు. ఆరుసార్లు ఆ ఎవరో తనే.

ఈ ఉదయం పదకొండు గంటల కొండ కూడా అందులో ఉంది. పరీక్షకంటే మూడు గంటలు ముందు.

చౌడమ్మ వరండాలో ఉంది. కమలిని ఆమె చెయ్యి పట్టుకుంది. "పెద్దమ్మగారూ, చెప్పెయ్యాలి. ఇప్పుడే."

"పాపకి బాలేదని చెప్పు. చాలదా? వాడి ఊసెందుకు తల్లీ ఇప్పుడు?"

సరే, ముందు అదే చెప్పి చూద్దామని కమలిని లోపలికి వెళ్ళి సత్యవేణి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "సత్యవేణీ, పాపకి బాలేదు. ఒంట్లో విషం చేరింది. బీపీ పడిపోతోంది."

సత్యవేణి చూసింది. కళ్ళు అలసిపోయి, చదునుగా ఉన్నాయి. గీత చీమంతైనా కదల్లేదు.

"పొద్దున్న నేను అంటే బాగుందన్నారు. ఇప్పుడు మీరే బాలేదంటున్నారు. మీరెలా చెప్తే అలాగేనండి," అంది. "మూడ్రోజులుగా నా ఒళ్ళొకటి చెప్తోంది, మీ అందరి నోరొకటి చెప్తోంది. చదువుకున్నవాళ్ళు మీరెందుకు అబద్ధమాడతారు? నా ఒళ్ళే అబద్ధమాడుతోందనుకుని దాని మాట వినడం మానేశాను."

కమలిని గడియారం చూసింది. అరగంటలో పదకొండు నిమిషాలు అయిపోయాయి.

"నీ ఒళ్ళు నిజమే చెప్పింది," అంది. "అబద్ధం మేమే ఆడాం. బాబు..."

తలుపు దగ్గర నిలబడ్డ లింగేశు లోపలికి వచ్చాడు. వచ్చి, భార్యకు ఎడమపక్కన నేల మీద కూర్చున్నాడు. మగ్గం మీద అతని చోటు అదే. ఒక చీరకు ఇద్దరు. పువ్వులో కుడి సగం ఆమె వేళ్ళు ఎత్తితే ఎడమ సగం అతని వేళ్ళు ఎత్తుతాయి. ఒకరి చెయ్యి క్షణం వెనకబడినా రెండోవాళ్ళకు తల తిప్పి చూడకుండానే తెలిసిపోతుంది.

"మంగళారం నుంచీ నీ చెయ్యి ఆలస్యంగా పడుతోంది బావా," అంది సత్యవేణి, అతని వైపు చూడకుండానే.

"చిన్నోడు లేడు సత్తేణీ. మంగళారం మధ్యాన్నమే పోయాడు. నేనే తీసుకెళ్ళి పెట్టేసొచ్చాను."

ఆమె అరవలేదు. అరిస్తే రొమ్ము మీది పిల్ల అదురుతుందని ఆ అరుపును గొంతులోనే పట్టి ఉంచింది. మెడ నరాలు తాళ్ళలా పొంగాయి. రెండు చేతులూ తువ్వాలు మీదే ఉన్నాయి, బిగుసుకోకుండా, మెత్తగా. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు ఏకధారగా కారి పాప టోపీ మీద పడ్డాయి.

ఎర్రగీత లేచింది.

ఎస్తేరు ఉండబట్టలేక "ఊరుకో అమ్మా, ఊరుకో..." అనబోయింది. కమలిని ఆమె మణికట్టు పట్టి ఆపింది. ఎవరూ ఏమీ అనలేదు. వరండాలోంచి చౌడమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి, ఏదో అందామని నోరు తెరిచి, కొడుకు ముఖం చూసి మూసేసుకుంది.

"దీనిక్కూడా అంతేనా?" అని అడిగింది సత్యవేణి. "నిజం చెప్పండి."

"చాలా కష్టంగా ఉంది," అంది కమలిని. "బతకొచ్చు, బతక్కపోవచ్చు. నాకు తెలీదు."

గీత ఇంకా పైకి వెళ్ళింది. పంపు చిన్నగా టిక్కుమనడం మొదలుపెట్టింది. దాటకూడదని కమలిని పెట్టిన హద్దుకు కాస్త కింద గీత ఆగి, అక్కడే నిలబడింది. ఆర్నెల్ల తన గీతలో, పెళ్ళిచూపుల రోజున కూడా, కమలిని అంత ఎత్తు ఎరుగదు.

ఇరవై ఒకటి. ఇరవై ఒకటి. డాక్టర్ మేరీ సుశీల సూదిమందు నింపి చేతిలో పట్టుకుని గడియారం కింద నిలబడింది. ఇరవై రెండు. అరగంట అయిపోయింది. డాక్టరు కదల్లేదు. ఇరవై రెండు. ఇరవై నాలుగు. అరికాలి మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటికి మళ్ళీ రంగు రావడానికి అంతకుముందు ఆరు అంకెలు లెక్కపెట్టేవాళ్ళు. ఇప్పుడు నాలుగు. ఇరవై ఆరు.

డాక్టరు సూదిని పళ్ళెంలో పెట్టేసింది.

శనివారం సాయంత్రానికి మచ్చలు చెదిరిపోయాయి. రక్తపోటు మందు సగానికి తగ్గించినా ముప్పై దాటి నిలబడింది. ఈసారి ఎవరూ కాజాలు పంచలేదు. సత్యవేణి పాలు పిండి ఒక్క సీసాలోనే పోసింది. పాలు ఇంకిపోలేదు. చౌడమ్మ ఆ సీసాను కాసేపు చూసి, తల పక్కకు తిప్పుకుంది.

"మేడంగారూ," అంది సత్యవేణి. "వాడిక్కూడా ఇలాంటి పట్టీ కట్టుంటే?"

ఈ ప్రశ్న వస్తుందని కమలినికి తెలుసు. నాలుగు రకాల జవాబులు అనుకుని ఉంది. అన్నీ వదిలేసింది. "పంపు ఒక్కటే ఉందమ్మా. ముందు పుట్టినవాళ్ళకి పెట్టాలని రాసింది నేను. వాడికీ ఉండుంటే ఏమయ్యేదో నాకు తెలీదు. మంగళవారం నీకు చెప్పకుండా ఆపిందీ నేనే."

సత్యవేణి క్షమించానని అనలేదు, క్షమించమని కమలినిని అననివ్వలేదు. కమలిని ముఖాన్ని, నేతలో ఎక్కడ పోగు తప్పిందో వెతికినట్టు చూసింది. తర్వాత పాప వీపు మీద చెయ్యి సర్దుకుని, డాక్టరు వైపు తిరిగి అంది:

"నేనొకసారి ఉప్పాడ వెళ్ళాలండి. వాణ్ణి పెట్టిన చోటు చూడాలి. ఇక్కడ నేను ఏడిస్తే ప్రతి చుక్కా దీనికి పోతోంది. దీనికెంత కావాలో అంతే ఏడుస్తున్నాను. ఒక్కపూట నాకోసం ఏడవాలండి. ఒక్కపూట చాలు."

డాక్టర్ మేరీ సుశీల తల పంకించింది. "నాళం మందు ఇవాళ్టితో అయిపోయింది. కాబట్టి అవసరమైతే రేపు సూదిమందు ఇవ్వొచ్చు, ఆ భయం తగ్గింది. కానీ పట్టీ? పంపు ఊరికే ఉండకూడదు కదా."

"ఇంకొకరికి కట్టొచ్చు మేడం," అంది కమలిని. "ఇవాళే మొదలెడితే పొద్దుటికల్లా వాళ్ళ కొలత పట్టుకుంటుంది. నా కొలత దానికి ఎలాగూ తెలుసు. నేను కట్టుకుంటాను."

"నువ్వెందుకు?" అంది చౌడమ్మ.

అందరూ అటు తిరిగారు. ఆమె అప్పటికే రవిక చెయ్యి పైకి లాక్కుంటోంది. వదులైన చర్మం, దాని మీద పాత పచ్చబొట్టు.

"నా ఒంట్లో ఆ రసం ఇంకా ఊరుతుందామ్మా? డెబ్భై దగ్గర పడ్డాను."

"ఊరుతుందండి. నూరేళ్ళకైనా ఊరుతుంది."

"అయితే నాకు కట్టు. దాన్ని నా రొమ్ము మీద పడుకోబెట్టు. ఒక్క మాట మాత్రం. పిల్ల ఎలాగుంటే అలాగ నాకు చెప్పాలి. బాలేకపోతే బాలేదనాలి. ముసల్ది తట్టుకోలేదని దాచారో..." బెదిరింపు పూర్తి కాలేదు.

సత్యవేణి అత్తకేసి చూసింది. పురుడు తీరని బాలింత గడప దాటకూడదని ఆమె అంటుందేమోనని ఎదురుచూసినట్టుంది. చౌడమ్మ అంది ఒకటే:

"చెవుల్లో దూది తీయకు. సముద్రం గాలి."

"ఆయ్," అంది సత్యవేణి.

కమలిని కొత్త పట్టీ విప్పి ఆ ముడతల జబ్బ చుట్టూ కట్టింది. తెర మీద ఒక చుక్క వెలిగి, వణికి, గీతగా సాగడం మొదలుపెట్టింది. చౌడమ్మ గీత అప్పుడే బాగా ఎత్తులో ఉంది. దాన్ని తగ్గించడానికి ఎవరూ ఒక్క మాట కూడా అనలేదు.

"రాసుకో ఎస్తేరూ," అంది కమలిని. "రేపు ఆదివారం ఉదయం ఆరింటికి పట్టీ మారుతుంది. ఆరుంబావుకి సత్యవేణీ, లింగేశూ బయల్దేరతారు. పదింటికల్లా వచ్చేస్తారు. ఆ నాలుగు గంటలూ నేను పెద్దమ్మగారి పక్కనే కూర్చుంటాను. తెర మీద ఏ అంకె కనబడితే ఆ అంకె పైకి చదువుతాను."